కొమగటాకే సింగిల్ మాల్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ విస్కీ అనగానే మనవాళ్ల నోట వచ్చేవి యమజాకి, హిబికి. రెండూ మంచివే. కానీ కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో తయారయ్యే కొమగటాకే గురించి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. నాకు చాలా ఇష్టమైన విస్కీ ఇది. దీని గురించి స్నేహితులు, బంధువులు, జపాన్ వెళ్లొచ్చేవాళ్లు పదేపదే అడిగిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

కొమగటాకే అంటే ఏమిటి? ఎక్కడ తయారవుతుంది?

కొమగటాకే ఒక కొండ పేరు. జపాన్ మధ్య భాగంలో, నాగానో ప్రాంతంలో కిసో పర్వతాలున్నాయి. వాటిని సెంట్రల్ ఆల్ప్స్ అని కూడా అంటారు. వాటిలో అన్నిటికంటే ఎత్తైనది కిసో కొమగటాకే, 2956 మీటర్లు. ఆ కొండల పాదాల దగ్గర మియాదా అనే ఊరుంది. అక్కడే, సముద్రమట్టానికి 798 మీటర్ల ఎత్తున, ఈ విస్కీ కాచే డిస్టిలరీ ఉంది. చాలా ఏళ్లు దాన్ని మార్స్ షిన్షూ డిస్టిలరీ అన్నారు. షిన్షూ అంటే నాగానోకి పాత పేరు. ఇప్పుడు డిస్టిలరీని కూడా మార్స్ కొమగటాకే అనే పిలుస్తున్నారు. కాబట్టి పాత సీసా మీద ఒక పేరు, కొత్త సీసా మీద ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడొద్దు. చోటు ఒక్కటే.

యజమాని హోంబో షూజో. 1872లో మొదలైన కంపెనీ, సొంతూరు దక్షిణాన ఉన్న కగోషిమా. అక్కడివాళ్ల అసలు పానీయం చిలగడదుంపతో చేసే షోచు. విస్కీ లైసెన్సు తీసుకున్నది 1949లో.

మార్స్ అంటే ఆ చాక్లెట్ కంపెనీయేనా?

కాదు. ఏ సంబంధమూ లేదు.

సింగిల్ మాల్ట్ అంటే ఒకే ధాన్యంతో చేసింది అనా?

చాలామంది అలాగే అనుకుంటారు. 'సింగిల్' అన్నది డిస్టిలరీ గురించి: మొత్తం ఒకే డిస్టిలరీలో తయారైందని అర్థం. 'మాల్ట్' అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. ఇంట్లో రాగి మాల్ట్ చేసేవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. రాగుల్ని నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, పిండి పట్టిస్తాం కదా. మొలక వచ్చాక గింజ లోపలి పిండిపదార్థం తీపిగా మారడం మొదలవుతుంది. బార్లీకీ అదే జరుగుతుంది. ఆ తీపిని వేడినీళ్లతో బయటికి తీసి, ఈస్ట్ వేసి పులియబెట్టి, స్టిల్స్ అనే రాగి పాత్రల్లో రెండుసార్లు కాచి, వచ్చిన స్పిరిట్‌ని చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు.

కాచే సూత్రం మన ఊళ్ల సారా బట్టీదే. ఆదిలాబాద్ వైపు ఇప్పపూలతో కాచేదీ ఇదే పద్ధతి: కింద మంట, పైకి లేచే ఆవిరి, చల్లబడి కారే చుక్క. తేడా అంతా ఆ తర్వాత పీపాలో గడిపే కాలంలోనే ఉంది.

ఒక మాట సూటిగా చెప్పాలి. జపాన్ డిస్టిలరీలు వాడే మాల్ట్‌లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి, ముఖ్యంగా బ్రిటన్ నుంచి వస్తుంది. అది దాచాల్సిన విషయం కాదు. నీళ్లు, పులియబెట్టడం, కాచడం, పీపాలు పడుకునే గాలి, ఇవి ఆ కొండవి.

కొండ మీద కాస్తే ఏం తేడా వస్తుంది?

అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి. కొండల మీద కురిసిన మంచూ వానా గ్రానైట్ నేలలోంచి వడకట్టుకుని దిగి వస్తాయి. ఖనిజాలు తక్కువ, నాలుకకి మెత్తగా తగులుతాయి.

అసలు పెద్ద తేడా వాతావరణానిది. 798 మీటర్లు అంటే మన అరకు కంటే తక్కువే. కానీ మియాదా భూమధ్యరేఖకి చాలా దూరం. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకి చాలా కిందికి, మైనస్ 10 దాటి కూడా పడిపోతుంది. వేసవిలో 30 డిగ్రీల పైకి పోతుంది. వేడికి పీపాలోని విస్కీ వ్యాకోచించి చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చలికి వెనక్కి వస్తుంది. వెళ్లినప్పుడల్లా చెక్క లోపలి రుచిని కొంత పట్టుకొస్తుంది. చలి నెలలు ఎక్కువ కాబట్టి ఆవిరైపోయేది తక్కువ, ముదరడం నెమ్మది. బెంగళూరులో అమృత్ అనే డిస్టిలరీ పీపాలు ఏటా పదోవంతు దాకా ఆవిరికి పోగొట్టుకుంటాయి, స్కాట్లండ్‌లో అది దాదాపు 2 శాతం. అందుకే బెంగళూరు మాల్ట్ ఐదారేళ్లకే ముదురుతుంది. కొండ మాల్ట్ తొందరపడదు.

ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 100 కాకుండా 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. దానివల్లే రుచి తేలికగా ఉంటుందని కొందరు గట్టిగా చెబుతారు. నేనైతే ఎక్కువ మార్కులు చలికీ చెక్కకీ వేస్తాను.

సీసా మీద 12 ఏళ్లు, 18 ఏళ్లు అని వయసు ఎందుకు కనబడదు?

ఈ ప్రశ్నకి జవాబు కొంచెం పొడుగు. ఈ విస్కీ మీద నాకు ప్రేమ పుట్టింది కూడా ఇక్కడే.

1918లో ఒసాకాలోని సెత్సు షూజో అనే కంపెనీ తన ఉద్యోగి మసతకా తకెత్సురుని విస్కీ చేయడం నేర్చుకు రమ్మని స్కాట్లండ్ పంపింది. అతని పై అధికారి కీచిరో ఇవాయి. తకెత్సురు అక్కడ చూసిందంతా బొమ్మలతో సహా రాసుకుని, 1920లో తిరిగొచ్చి ఆ నివేదికని ఇవాయి చేతికిచ్చాడు. అప్పటి పరిస్థితుల్లో కంపెనీ విస్కీ జోలికి పోలేకపోయింది. తకెత్సురు బయటికి వచ్చి యమజాకి డిస్టిలరీ నిలబెట్టడంలో పాలుపంచుకున్నాడు, 1934లో సొంతంగా యోయిచిలో మొదలుపెట్టాడు. ఆ కంపెనీయే ఈనాటి నిక్కా. నివేదిక మాత్రం ఇవాయి దగ్గరే ఉండిపోయింది.

నలభై ఏళ్లు గడిచాయి. 1960లో హోంబో వాళ్లు యమనాషిలో విస్కీ కాచడానికి సిద్ధమైతే, కట్టడానికీ రాగి స్టిల్స్ గీయడానికీ సలహా ఇచ్చింది ఈ ఇవాయే. ఆయనకి దారి చూపింది ఆ పాత నివేదికే. తనకి ఎప్పుడూ దక్కని పనిని ముసలితనంలో, వేరే కంపెనీలో, చేసి చూపించాడు. ఆయన 1966లో చనిపోయాడు.

తర్వాత ఇంకా చల్లగా, నీళ్లు బాగుండే చోటు కోసం వెతికి, 1985లో ఆ స్టిల్స్‌నే మియాదాకి తెచ్చారు. పాపం, సమయం మంచిది కాదు. జపాన్‌లో విస్కీ వాడకం 1983లోనే శిఖరానికి చేరి దిగడం మొదలైంది. 1989లో మద్యం పన్నులు మారి దిగుమతి విస్కీ చవకైంది. 1992లో మియాదాలో కాచడం ఆపేశారు. మళ్లీ మంట వెలిగింది 2011లో. మధ్యలో 19 ఏళ్లు స్టిల్స్ చల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 1992 తర్వాత, 2011కి ముందు పుట్టిన విస్కీ ఒక్క చుక్క కూడా లేదు. పాత పీపాలు కొన్నే మిగిలాయి. కొత్త విస్కీ పదేళ్ల వయసుకి వచ్చిందే 2021లో. అందుకే చాలా సీసాల మీద వయసు బదులు ఆ సంవత్సరపు ఎడిషన్ పేరు ఉంటుంది. వయసు లేకపోవడం ఇక్కడ మోసం కాదు, ఆ 19 ఏళ్ల ఖాళీ.

ఆగిపోయిన రోజుల్లో పీపాల్లో ఉన్న సరుకు ఏమైంది?

కొంత సీసాల్లోకి వెళ్లింది, కొంత అలాగే పడుకుంది. వాటిలో ఒకటి గురించి చెప్పి తీరాలి. మార్స్ మాల్టేజ్ 3 ప్లస్ 25. కగోషిమాలోనూ యమనాషిలోనూ కాచిన మాల్ట్‌ని అక్కడ మూడేళ్లు ఉంచి, కలిపి, మియాదా గోదాముల్లో మరో 25 ఏళ్లు ఉంచారు. మొత్తం 28. 2013 వరల్డ్ విస్కీస్ అవార్డుల్లో ప్రపంచంలోనే ఉత్తమ బ్లెండెడ్ మాల్ట్ (అంటే వేర్వేరు డిస్టిలరీల మాల్ట్‌లు కలిపింది) బహుమతి దానికే వచ్చింది. ఆ 25 ఏళ్లలో ఎక్కువ భాగం డిస్టిలరీ మూతబడే ఉంది. పక్కన స్టిల్స్ పనిచేయకపోయినా పీపాల్లో పని జరుగుతూనే ఉందన్నమాట.

ఇదే నాగానోలో, అసామా అగ్నిపర్వతం దగ్గర కరుయిజావా అని ఇంకో డిస్టిలరీ ఉండేది. అక్కడ కాచడం 2000లో ఆగింది. 2016లో కట్టడాలే కూల్చేశారు. దాని సీసాలు ఇప్పుడు వేలంలో లక్షలు, కోట్లు పలుకుతాయి. ఆ ధరలు చూసి ఆనందపడేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఒక డిస్టిలరీ పోయింది. మియాదాది తిరిగొచ్చింది. నాకు ఆ రెండో వార్తే పెద్దది.

కొమగటాకే రుచి ఎలా ఉంటుంది? పొగ వాసన వస్తుందా?

సీసాని బట్టి ఉంటుంది. పీట్ అనే బొగ్గులాంటి మట్టిని కాల్చి ఆ పొగతో మాల్ట్‌ని ఆరబెడితే విస్కీకి పొగ వాసన వస్తుంది. దాన్ని పీపీఎంలలో (పది లక్షల్లో ఎన్ని వంతులు అని) కొలుస్తారు. అంకె పెరిగితే పొగ ఎక్కువ. ఇక్కడ అసలు పొగ లేనిది, 3.5, 20, 50 పీపీఎం, ఇలా రకరకాల మాల్ట్‌లు కాస్తారు. ఏటా వచ్చే లిమిటెడ్ ఎడిషన్లు సాధారణంగా 48 నుంచి 50 శాతం మద్యంతో వస్తాయి.

పొగ లేనిదాంట్లో నాకు తోచేవి: పచ్చి ఆపిల్, పియర్, కొంచెం తేనె, వేడి చేసిన ధాన్యం వాసన. నాగానో ఆపిల్ తోటలకి పేరున్న ప్రాంతం. ఆ తోటల పక్కగా వెళ్లొచ్చాక గ్లాసులో ఆపిల్ వాసన ఇంకా ఎక్కువగా తెలిసింది. అది నా మనసు చేసిన పని కావచ్చు, కానీ బాగుంది. చివర్లో కొద్దిగా మిరియపు చురుకు, తర్వాత శుభ్రంగా ఆరిపోవడం.

మిజునారా అనే జపాన్ ఓక్ పీపా గురించి కూడా అడుగుతుంటారు. అది నెమ్మదిగా పెరిగే చెట్టు, చెక్క కారుతుంది, పనివాళ్లకి తలనొప్పి. కానీ ఏళ్లు గడిచాక అందులోంచి గంధపు చెక్క, అగరు వాసన వస్తుంది. గుడిలో ఆ వాసనల మధ్య పెరిగిన మనకి దాన్ని పోల్చుకోవడానికి పుస్తకం అక్కర్లేదు.

సీసా మీద 'త్సునుకి ఏజింగ్', 'యకుషిమా ఏజింగ్' అని ఉంటే అది వేరే విస్కీనా?

స్పిరిట్ ఒక్కటే, పడుకున్న చోటు వేరు. త్సునుకి కగోషిమాలో ఉంది. హోంబో వాళ్లు 2016లో అక్కడ రెండో డిస్టిలరీ మొదలుపెట్టారు. యకుషిమా దక్షిణాన ఉన్న ద్వీపం, ఎడతెగని వానలకీ వేల ఏళ్ల దేవదారు చెట్లకీ పేరు. మియాదాలో కాచిన స్పిరిట్‌ని కొంత ఈ రెండు చోట్లకీ పంపి ముదరబెడతారు. వెచ్చటి తేమ గాలిలో పెరిగింది రంగులో గాఢంగా, రుచిలో బరువుగా ఉంటుంది.

విస్కీ గురించి సీరియస్‌గా నేర్చుకోవాలంటే ఈ మూడిటినీ పక్కపక్కన పెట్టుకుని తాగి చూడడం కంటే మంచి పాఠం లేదు. తల్లి ఒక్కతే, పిల్లలు మూడు ఊళ్లలో పెరిగారు.

'మాల్ట్ డ్యుయో' అనే పేరుతో 2021లో ఒకటి వచ్చింది. అందులో కొమగటాకే మాల్ట్, చిచిబు డిస్టిలరీ మాల్ట్ కలిసి ఉన్నాయి. రెండు డిస్టిలరీలు 2015లోనే స్పిరిట్ ఇచ్చిపుచ్చుకుని ఒకరిది ఒకరు పెంచారు. అది సింగిల్ మాల్ట్ కాదు, బ్లెండెడ్ మాల్ట్.

లేబుల్ మీద జపాన్ అక్షరాలున్నాయి. జపాన్ విస్కీ అని నమ్మొచ్చా?

అక్షరాలు చూసి నమ్మొద్దు. నేనూ ఒకసారి అలాగే నమ్మి, ఒక దుకాణంలో అందమైన సీసా కొని, ఇంటికొచ్చాక చిన్న అక్షరాలు చదివితే అందులో బయటి దేశపు విస్కీ కలిపినట్టు తెలిసింది. డబ్బు పోయినందుకు కంటే నమ్మినందుకు ఎక్కువ బాధ కలిగింది.

చాలాకాలం జపాన్‌లో దీనికి గట్టి నియమం లేదు. అక్కడి స్పిరిట్స్, లికర్ తయారీదారుల సంఘం 2021 ఏప్రిల్ 1 నుంచి తన సభ్యులకి ఒక ప్రమాణం పెట్టింది. మారడానికి 2024 మార్చి ఆఖరు దాకా గడువిచ్చింది. 'జపనీస్ విస్కీ' అని రాయాలంటే మాల్ట్ తప్పక వాడాలి, నీళ్లు జపాన్‌వై ఉండాలి, పులియబెట్టడం, కాచడం జపాన్‌లోనే జరగాలి, 700 లీటర్లు మించని చెక్క పీపాల్లో అక్కడే కనీసం మూడేళ్లు ఉండాలి, సీసాలో నింపడం కూడా అక్కడే, మద్యం 40 శాతానికి తగ్గకూడదు. ఇది చట్టం కాదు, సంఘం పెట్టుకున్న కట్టుబాటు. సభ్యులు కానివాళ్లకి ఇది వర్తించదు.

కొమగటాకే సింగిల్ మాల్ట్ విషయంలో ఈ టెన్షన్ లేదు. కానీ అదే కంపెనీవైనా, ఇంకెవరివైనా, చవక బ్లెండ్లు కొనేటప్పుడు 'జపనీస్ విస్కీ' అన్న మాట స్పష్టంగా ఉందో లేదో చూడండి. లేకపోతే అది చెడ్డదని కాదు. తెలిసి కొనండి, అంతే.

ఎలా తాగాలి? సోడా కలిపితే తప్పా?

తప్పేమీ లేదు. జపాన్‌లో విస్కీకి మళ్లీ ప్రాణం పోసింది హైబాల్, అంటే విస్కీలో సోడా. గ్లాసు నిండా గట్టి ఐసు, ఒక వంతు విస్కీ, మూడు నాలుగు వంతులు బాగా చల్లటి సోడా, చెంచాతో ఒక్కసారి కింది నుంచి పైకి. ఎక్కువ తిప్పితే గ్యాస్ పోతుంది. నీళ్లు కలిపి తాగే పద్ధతిని మిజువారి అంటారు. చలిలో వేడినీళ్లు కలుపుకోవడం కూడా ఉంది.

సింగిల్ మాల్ట్ మొదటిసారి తెరిచినప్పుడు మాత్రం 30 మిల్లీలీటర్లు ఖాళీ గ్లాసులో పోసి, పది నిమిషాలు వదిలేసి, వాసన చూసి, ఒక గుక్క తాగండి. తర్వాత కొన్ని చుక్కల నీళ్లు. 48 శాతం దాటిన విస్కీ నీటి చుక్కతో వాసన విప్పుతుంది. కోలా మాత్రం వద్దని బతిమాలుతున్నాను.

మంచింగ్‌కి ఏం బాగుంటుంది?

ఉత్తినే తాగేటప్పుడు వేయించిన జీడిపప్పు, ఉప్పు తక్కువ వేసిన పల్లీలు, ఆపిల్ ముక్కలు. హైబాల్‌తో అయితే చేప వేపుడు, రొయ్యల వేపుడు చక్కగా కుదురుతాయి. గొడ్డు కారం పడిందంటే సున్నితమైన పండ్ల వాసన నాలుకకి తెలియదు, కాబట్టి ఆ రోజుకి ఆంధ్రా చికెన్ పక్కన పెట్టండి.

డిస్టిలరీ చూడొచ్చా? ఎలా వెళ్లాలి?

చూడొచ్చు. టోక్యో షింజుకు నుంచి కొమగానెకి హైవే బస్సులున్నాయి, నాలుగు గంటల లోపే చేరతారు. రైలైతే జేఆర్ ఇయిదా లైన్, కొమగానె స్టేషన్‌లో దిగి టాక్సీ. పని దినాలు, ముందస్తు బుకింగ్ వివరాలు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి, అంత దూరం వెళ్లి గేటు మూసుంటే నిరాశే.

కారు తీసుకుంటే నడిపేవాళ్లు రుచి చూడడం కుదరదు. జపాన్‌లో తాగి నడిపితే శిక్ష కఠినం. పక్కన కూర్చున్నవాళ్లకీ, తాగించినవాళ్లకీ కూడా కేసు పడుతుంది. చట్టప్రకారం తాగే వయసు అక్కడ 20 ఏళ్లు.

ఇంకో రోజు చేతిలో ఉంటే కొమగటాకే రోప్‌వే ఎక్కండి. 1662 మీటర్ల దగ్గర ఎక్కిస్తే 2612 మీటర్ల సెంజోజికిలో దింపుతుంది, జపాన్‌లో అంత ఎత్తుకి వెళ్లే రోప్‌వే మరొకటి లేదు. పైనుంచి ఆ లోయని చూశాక గ్లాసులోది ఎక్కడి నుంచి వచ్చిందో కంటితో చూసినట్టే.

హకుషు అనే ఇంకో జపాన్ డిస్టిలరీ కూడా కొమగటాకే దగ్గరే అంటారు కదా?

దాని దగ్గరున్నది కై కొమగటాకే, వేరే కొండ, ఎదురుగా ఉన్న సదరన్ ఆల్ప్స్‌లోది, ఎత్తు 2967 మీటర్లు. 'కొమ' అంటే గుర్రం. జపాన్‌లో ఈ పేరున్న కొండలు చాలా ఉన్నాయి. వసంతంలో మంచు కరిగేటప్పుడు కొండ వాలు మీద గుర్రం ఆకారం కనబడుతుందని, అందుకే ఆ పేరని చెబుతారు.

హైదరాబాద్‌కో విజయవాడకో ఎన్ని సీసాలు తెచ్చుకోవచ్చు?

ఇండియాలోకి వచ్చే ప్రయాణికుడికి సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం అనుమతి. జపాన్ సీసా 700 మిల్లీలీటర్లు. రెండు తెస్తే 1.4 లీటర్లు, మూడు తెస్తే 2.1. ఆ వంద మిల్లీలీటర్ల దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. చెకిన్ సామానులో పెడితే బట్టల మధ్య గట్టిగా చుట్టండి. 70 శాతం దాటిన మద్యం విమానంలోకి రానివ్వరు, కొమగటాకేకి ఆ సమస్య లేదు. డ్యూటీ ఫ్రీలో కొని, మధ్యలో విమానం మారేవాళ్లు సీలు వేసిన సంచిని ఇల్లు చేరేదాకా విప్పకండి. విప్పితే మారేచోట సెక్యూరిటీలో తీసేసుకుంటారు.

కొని దాచుకుంటే ధర పెరుగుతుందా?

పెరగొచ్చు, తగ్గొచ్చు. నన్నడిగితే తెరవండి. సీసాలో విస్కీ ముదరదు, పీపాలోనే ముదురుతుంది. దాచాల్సి వస్తే ఎండ తగలకుండా నిలబెట్టి ఉంచండి. పడుకోబెడితే మద్యం బిరడాని తినేస్తుంది. తెరిచాక సగానికి వచ్చిన సీసాని కొన్ని నెలల్లో పూర్తిచేయడం మంచిది, గాలి తగిలి వాసన తగ్గుతుంది.

పూర్తిచేయడం అంటే నలుగురితో, కొద్దికొద్దిగా. ఆరోగ్యానికి ఇంతవరకు పర్వాలేదు అనే మోతాదు మద్యానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. మందులు వాడేవాళ్లు, గర్భిణులు, అలవాటుని అదుపు చేసుకోలేనివాళ్లు దీని జోలికి రావద్దు. తాగనివాళ్లని ఈ పేజీ చూపించి మొదలుపెట్టించొద్దు.

ఇవాయి గీసిన ఆ పాత స్టిల్స్ ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. 2011లో మళ్లీ మంట పెట్టినప్పుడు కాచింది వాటితోనే. 2014 దాకా పనిచేశాయి. అప్పటికి రాగి బాగా పలచబడిపోయింది. ఆ ఏడాది అవే గీతలు పట్టుకుని కొత్త జత చేయించి లోపల పెట్టారు. పాత జతని కరిగించలేదు. డిస్టిలరీ ఆవరణలో, ఆరుబయట నిలబెట్టారు. నేను వెళ్లిన రోజు వాటి భుజాల మీద మంచు ఉంది. చేత్తో తుడిచి చూస్తే కింద రాగి ముదురు గోధుమ రంగుకి తిరిగి ఉంది.